తిప్పితే బిగిసే కాలు

మొన్న ఒక పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీ కుర్రాడు, పప్పులోకి నెయ్యి వచ్చేలోపు, ఎడమచేత్తో ప్యాంటు పైకి లాగి మోకాలి కింద ఉన్న గుండ్రటి బిళ్లనొకదాన్ని తిప్పాడు. టిక్ టిక్‌మంది. ప్యాంటు దించేసి అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. నేను చూస్తున్నానని గమనించి, "పొద్దున్నించీ నిలబడే ఉన్నా కదంకుల్, కాలు సన్నబడింది. కాస్త బిగించా" అన్నాడు.

స్క్రూడ్రైవర్ పెట్టనివ్వని వస్తువుల మీద ఈ కాలమ్‌లో నేనెంత విసుక్కున్నానో పాత పాఠకులకి తెలుసు. బ్యాటరీ ఊడిరాని ఫోనూ, విప్పబోతే విరిగే మిక్సీ మూతా, అన్నిటినీ తిట్టాను. వస్తువు వాడేవాడి చేతికి లొంగాలన్నది నా పాత పాట. ఆ బిళ్లని చూశాక నాకు కలిగిన సంతోషానికి, రెండో జాంగ్రీ వద్దనడం కూడా మర్చిపోయాను.

ఆ కుర్రాడిది పెట్టుడు కాలు. మోకాలి కింద కాలు తీసేసినవాళ్లకి మిగిలిన భాగం పెట్టుడు కాలి పైన ఉండే గిన్నెలాంటి సాకెట్‌లో కూర్చుంటుంది. మనిషి బరువు మోసేది అదే. చిక్కేమిటంటే సాకెట్ గట్టిది, కాలు మెత్తనిది. పైగా కాలు రోజంతా ఒకే లావున ఉండదు. నడిచేకొద్దీ ఒత్తిడికి లోపలి నీరు తగ్గి, పొద్దున సరిపోయిన సాకెట్ సాయంత్రానికి వదులవుతుంది. కాలు ఇంకా లోపలికి దిగిపోతుంది, ఎముక కొస అడుగున తగులుతుంది, అడుగడుక్కీ చర్మం ఒరుసుకుంటుంది. దీనికి ఎక్కువమంది వాడే మందు ఒక్కటే: మేజోడు మీద మేజోడు.

మా పెదనాన్నకి షుగర్‌తో కాలు తీసేశారు. పెట్టింది జైపూర్ కాలు. 1968లో డాక్టర్ పి.కె.సేఠీ, చేతిపనిలో దిట్ట అయిన రామచంద్ర శర్మ జైపూర్‌లో రూపమిచ్చిన రబ్బరు పాదం అది. పెదనాన్నకి అది పెట్టేనాటికి మా ఊళ్లో అందరూ 'మయూరి' సినిమా చూసేశారు. సుధా చంద్రన్ జైపూర్ కాలితో నాట్యమే చేసింది కదా అని, "మీకేమండీ, ఇక పరుగే" అనేవారు పెదనాన్నతో. అందరి కళ్లూ పాదం మీదే. ఆయన బాధంతా పైన, సాకెట్‌లో.

ఎక్కడికెళ్లినా చేతిసంచిలో మేజోళ్లు ఉండాల్సిందే. మధ్యాహ్నానికొకటి, పొద్దువాలాక ఇంకొకటి. చెప్పినంత తేలిక కాదది. పంచె ఎత్తాలి, పట్టీ విప్పాలి, కాలు మొత్తం ఊడదీయాలి, ముడత లేకుండా మేజోడు తొడగాలి, మళ్లీ అన్నీ ఎక్కించుకోవాలి. బస్టాండులో ఎక్కడ చేస్తారు ఈ పని? అందుకే ఎవరు శుభలేఖ తెచ్చినా ఆయన మొదట అడిగేది, "లోపల గది ఉంటుందా?" అని. లేదంటే వెళ్లేవారు కాదు. వెళ్లినా అక్షింతలు వేసి వచ్చేసేవారు. పెద్దాయనకి పట్టింపులెక్కువని చుట్టాలు చెప్పుకునేవారు. కూర్చున్నచోటే, కాలు ఊడదీయకుండా పనైపోయే బిళ్ల అప్పుడుంటే, అప్పగింతలయ్యేదాకా ఆయన పందిట్లోనే ఉండేవారు.

ఆ బిళ్ల పుట్టింది ఇలాంటి కాళ్ల కోసం కాదు. మంచు మీద జారే ఆటగాళ్లకి బూట్ల తాళ్ల బాధ తప్పించాలని అమెరికాలో బోవా అనే కంపెనీ 2001లో మొదలైంది. బిళ్ల తిప్పితే సన్నటి తీగ చుట్టుకుంటుంది, పైకి లాగితే వదులవుతుంది. సాకెట్ గోడలో ఒక ముక్క కోసి, దాన్ని విడి పలకగా అమర్చి, ఈ తీగ తగిలిస్తే చాలు, తిప్పినప్పుడల్లా పలక లోపలికి నొక్కుతుంది. సరిచేసుకోవాలన్న ఆలోచన మాత్రం పాతదే. ఈజిప్టులో లక్సర్ దగ్గర సమాధిలో దాదాపు 3000 ఏళ్ల నాటి చెక్క బొటనవేలు దొరికింది. అది ఒక పూజారి కూతురిది. ఆమె పాదానికి కుదిరేలా దాన్ని పలుమార్లు సరిచేశారని బాసెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో తేల్చారు.

ఇక్కడ 'ప్రతి కాలికీ ఒక బిళ్ల' అని నినాదమిచ్చి ముగించాలి. కానీ పెద్దమ్మ పట్టుకునే అద్దం అడ్డొస్తోంది.

రోజూ రాత్రి కాలు తీశాక, ఆవిడ కింద అద్దం పెట్టి ఎరుపు కోసం వెతికేది. షుగర్ ఆయన కాలికి స్పర్శ లేకుండా చేసింది. ఒకసారి మేజోళ్లు ఎక్కువై పుండు పడితే ఆయనకి తెలియనే లేదు, అద్దంలోనే కనబడింది. మానేదాకా మంచమే. ఆ మనిషి చేతికి బిళ్ల ఇస్తే? మేజోళ్లనైతే లెక్కపెట్టుకోవచ్చు. తీగ ఎంత బిగిసిందో తెలిసేది నొప్పి వల్ల, ఆ నొప్పే లేదాయె.

ఎక్కడ బిగించాలన్నదీ తిప్పేవాడి చేతిలో లేదు. జాకెట్టు కుట్టే టైలరు పక్క కుట్ల దగ్గర గుడ్డ వదులుతాడు, మెడ దగ్గర వదలడు. సాకెట్ చేసే టెక్నీషియన్‌దీ అదే వివేకం. కాలికి పలచటి తొడుగు వేసి, మోకాలి చిప్ప కింది స్నాయువునీ, పక్కన పొడుచుకొచ్చే ఎముకనీ, ముంగాలి అంచునీ చెరగని పెన్సిలుతో గుర్తు పెడతాడు. ఆ గుర్తులు ప్లాస్టర్ అచ్చులోకి దిగుతాయి. బరువు ఓర్చుకునే స్నాయువు దగ్గర అచ్చుని గీకుతాడు, ఓర్చుకోలేని ఎముక దగ్గర ప్లాస్టర్ అద్దుతాడు. కదిలే పలక కండ మీద రావాలి. ఎముక మీద వస్తే తిప్పినప్పుడల్లా గాయమే.

నా భయమల్లా ఈ పెన్సిలు పని చేసే ఓపిక తగ్గిపోతుందేమోనని. "వదులైతే తిప్పుకోండి" అని పంపించేయడం ఎంత సులువు! నిజానికి బిళ్ల ఉన్న సాకెట్‌కి టెక్నీషియన్ ఇంకా ఎక్కువ సమయమివ్వాలి. స్పర్శ లేని కాలికైతే, బిళ్ల ఒక హద్దు మించి తిరగకుండా అడ్డు పెట్టి, దాన్ని జరిపే వీలు టెక్నీషియన్‌కే ఉంచాలి. ఇన్నేళ్లు తాళాల్ని తిట్టిన నేనే ఒక తాళం అడుగుతున్నాను, నవ్వుకోండి.

సాకెట్ చేయించుకోబోయేవాళ్లకి ఒక్క మాట. బిళ్ల ధర అడిగే ముందు, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో అడగండి. ఇక రానక్కర్లేదంటే, ఆ బిళ్ల మీకొద్దు.