నాన్న పాటలు

పాడేవాళ్ళు తమ పాట తామే రాసుకోవాలన్న పట్టింపు మనకు లేదు. సుశీలను, జానకిని ఆ మాట ఎవరూ అడగలేదు. 1970ల అమెరికాలో మాత్రం సొంతంగా రాసి, బాణీ కట్టి పాడేవాళ్ళకే మర్యాద ఎక్కువ. అలాంటి కాలంలో లిండా రాన్‌స్టాట్ దాదాపు అన్నీ ఇతరుల పాటలే పాడి, అక్కడి రాక్ గాయనుల్లో ముందువరసకు చేరింది. అదొక లోటనుకున్నవాళ్ళు ఆమె పాట మనసుపెట్టి వినలేదనే అంటాను.

ఆమె 1946లో అరిజోనాలోని టూసాన్‌లో పుట్టింది. 1971లో ఆమె వెనక వాయించిన గ్లెన్ ఫ్రే, డాన్ హెన్లీ ఆ తర్వాత ఈగిల్స్ బృందం పెట్టుకున్నారు. 1974లో ‘హార్ట్ లైక్ ఎ వీల్’ ఆల్బమ్‌తో లిండా పేరు మారుమోగింది. ఆ ఊపులోనే ఉండిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కానీ ఆమె బ్రాడ్‌వే నాటకంలోకి వెళ్ళింది. ఆపైన, ఫ్రాంక్ సినాత్రా పాటలకు వాద్యగోష్ఠి కూర్చిన నెల్సన్ రిడిల్‌తో కలిసి తన తల్లిదండ్రుల తరం పాటలు రికార్డు చేసింది. ఈ పాతపాటలు ఎవరు కొంటారని కంపెనీవాళ్ళు వెనకాడారు. 1983లో వచ్చిన ఆ ‘వాట్స్ న్యూ’ అమెరికాలోనే 30 లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 1987 నాటి ‘కాన్సియోనెస్ దె మి పాద్రె’. అంటే నాన్న పాటలు. వాళ్ళ తాతగారు మెక్సికోలోని సొనోరా నుంచి వచ్చారు. తండ్రి ఇంట్లో పాడుతుంటే చిన్ననాడే లిండా చెవిన పడ్డ స్పానిష్ పాటలవి. ఆ భాష ఆమెకు ధారాళంగా రాదు. అయినా మరియాచి వర్గాస్ బృందం ట్రంపెట్లకు, వయొలిన్లకు దీటుగా పాడింది.

అందులో ‘లా సిగార్రా’ వినండి. గుండెలోంచి వచ్చే నిండు గొంతు పైకి వెళ్ళేకొద్దీ ఒకచోట సన్నని ఫాల్సెట్టోలోకి మారక తప్పదు. ఆ అతుకు తెలియకుండా పాడమనే చాలాచోట్ల నేర్పుతారు. ఈ పాట హువపాంగో అనే మెక్సికన్ పాటల తీరుది; అందులో మాత్రం ఆ విరుపే అందం. గొంతు చటుక్కున పైకి దూకి, వాద్యాలన్నీ ఎదురుచూస్తుండగా ఆ స్వరాన్ని పట్టి నిలపాలి. లిండా అక్కడ ఊపిరి ఎప్పుడు పీల్చిందో ఎంత విన్నా నాకు దొరకదు.

2009లో ఆమె చివరి కచేరీ జరిగింది. పార్కిన్‌సన్స్ వల్ల ఇక పాడలేనని 2013లో చెప్పింది. తర్వాత అది దాన్ని పోలిన మరో మెదడు జబ్బని తేలింది. నలభై ఒకటో ఏట, గొంతు నిండుగా ఉండగానే ఈ పాటలు పాడేసినందుకు నాకు చెప్పలేనంత సంతోషం. 1991లో ఇదే దారిలో ‘మాస్ కాన్సియోనెస్’ కూడా చేసింది. ముందు మొదటిది వినండి, మంచి స్పీకర్ల మీద.