దర్వాజా దగ్గర రాజ్యం

ప్రైవసీ అనే మాటకి తెలుగు పత్రికలు 'గోప్యత' అని రాస్తున్నాయి. ఈ అనువాదంతోనే నాకు పేచీ. గోప్యం అంటే దాచిపెట్టింది. దాచిపెట్టారంటే లోపల ఏదో ఉందన్నమాట. మిగతావాళ్ళు గోప్యత అడిగితే హక్కు అడుగుతున్నారంటారు. ముస్లిం అడిగితే ఏం దాస్తున్నాడంటారు. మా ఇళ్ళల్లో దీనికి వేరే మాట ఉంది: పర్దా. దర్వాజాకి వేలాడే ముతకగుడ్డ. లోపల దాచుకునే సొత్తేమీ లేకపోయినా అది ఉంటుంది. ఒకటే గది ఉన్న ఇంట్లో దాని అవసరం ఇంకా ఎక్కువ. వచ్చినవాళ్ళు బయటే నిలబడి సలాం చెప్పాలి, రమ్మంటే రావాలి, పొమ్మంటే పోవాలి. ఈ మర్యాద ఖురాన్‌లో సూరె నూర్‌లో ఉంది. ఒకరి సంగతులు కూపీ తీయొద్దని సూరె హుజురాత్‌లో ఉంది.

ఖలీఫా ఉమర్ గురించి పెద్దవాళ్ళు ఒక కథ చెబుతారు. రాత్రి గస్తీ తిరుగుతూ ఒక ఇంట్లోంచి పాట వినపడితే గోడ ఎక్కి దూకాడట. లోపల మనిషి తాగుతూ దొరికాడు. నేను చేసింది ఒక పాపం, నువ్వు చేసినవి మూడు అన్నాడట ఆ మనిషి. కూపీ తీశావు, వాకిలి వదిలి గోడ దూకావు, సలాం చెప్పకుండా లోపలికొచ్చావు అని లెక్క చెప్పాడట. ఖలీఫా వెనక్కి తగ్గాడు. కథ నిజమో కాదో చరిత్రకారులు తేల్చుకోనీ. రాజ్యం సిగ్గుపడి తిరిగి వెళ్ళిన కథ ఒకటి మా దగ్గర ఉందని చెప్పడమే నా ఉద్దేశం.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కేనని తేల్చారు. పుట్టస్వామి కేసు అది. ఆధార్ మీద వచ్చిన గొడవలోంచి పుట్టింది. అలాంటి హక్కే లేదని కేంద్ర ప్రభుత్వం వాదించింది. దానికి 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పునీ 1962 నాటి ఖరక్ సింగ్ తీర్పునీ ఆధారం చేసుకుంది. తొమ్మిదిమందిలో జస్టిస్ బాబ్డే ప్రైవసీ మనకి కొత్త కాదని చెప్పడానికి గృహ్యసూత్రాలతో పాటు హదీసునీ గుర్తు చేశారు. మన తెలుగువాడు జస్టిస్ చలమేశ్వర్ ఇంకా సూటిగా రాశారు. ఏం తినాలో, ఏం కట్టుకోవాలో, ఎవరితో తిరగాలో ప్రభుత్వం చెబితే ఈ దేశంలో ఎవరూ ఇష్టపడరు అన్నది ఆయన మాటల సారాంశం. అది చదివినప్పుడు ఆయన మా మొహల్లాలోకి వచ్చి కూర్చున్నట్టే అనిపించింది. తిండి, బట్ట, సోపతి: ఈ మూడింటి మీదనే కదా మా మీద దాడి!

అయినా ఈ తీర్పుని సంబరంగా చదివి పక్కన పెట్టలేం. దీని వెనకున్న ఖరక్ సింగ్ దగ్గరికి ఒకసారి పోవాలి. ఆయన్ని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. కేసు పోయింది, హిస్టరీ షీటు ఉండిపోయింది. చౌకీదార్లు, పోలీసులు అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు కొట్టేవాళ్ళు. ఎటు పోయినా వెంట వాకబు. రాత్రి ఇంటిమీదికి రావడం తప్పు, వెంట తిరిగి కనిపెట్టడం తప్పు కాదని అప్పుడు మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. రాజమండ్రిలో పుట్టి ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. ఒంటి మీద చెయ్యి వెయ్యకపోయినా నీడలా వెంటపడితే మనిషి స్వేచ్ఛగా అడుగు వెయ్యలేడని, మొత్తం నిఘా నిబంధనే చెల్లదని సుబ్బారావు రాశారు. 2017లో తొమ్మిదిమందీ మళ్ళీ ఆ భిన్నాభిప్రాయం వైపే వచ్చారు. యాభై అయిదేళ్ళు పట్టింది.

పాతబస్తీలో ఖరక్ సింగ్‌లు ఎంతమందని లెక్క పెట్టను గానీ, 2007 మే 18 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన కుర్రాళ్ళ సంగతి అందరికీ తెలుసు. వాళ్ళు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. నిర్దోషి అన్న కాగితం కోర్టు ఇస్తుంది. అనుమానం మాత్రం స్టేషన్ రిజిస్టర్లో ఉంటుంది, ఇంటివాళ్ళ నిద్రలో ఉంటుంది. ఇక్కడే పుట్టస్వామి తీర్పుతో నాకు తగువు. హక్కు ఒక్క మనిషి నుంచి మొదలవుతుంది. నిఘా ఒక్క మనిషి నుంచి మొదలవ్వదు. పేరు నుంచి, గడ్డం నుంచి, గల్లీ నుంచి మొదలవుతుంది. రాత్రి చబూత్రా మీద కూర్చుంటే పట్టుకుపోవడానికి ఆపరేషన్ చబూత్రా అని పేరు పెట్టిన ఊరు ఇది. ఇల్లు ఇరుకైనవాడికి చబూత్రాయే కదా ఏకాంతం!

ఇప్పుడు చౌకీదారు తలుపు కొట్టక్కర్లేదు. 2021 మేలో లాక్‌డౌన్ రోజుల్లో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తని హైదరాబాదు పోలీసులు రోడ్డు మీద ఆపారు. మాస్కు తియ్యమన్నారు. ఆయన ఒప్పుకోకపోయినా ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఎక్కడికి పోతుందో, ఎన్నాళ్ళుంటుందో, దేనితో పోలుస్తారో ఆయన అడిగారు. జవాబు రాక హైకోర్టుకి పోయారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ముఖాన్ని గుర్తుపట్టే ఈ యంత్రాల కోసం ప్రత్యేకంగా చేసిన చట్టమేదీ లేదు. ప్రైవసీలోకి చెయ్యి పెట్టాలంటే ముందు చట్టం ఉండాలి, ఆ పని అవసరమై ఉండాలి, అవసరానికి మించకూడదు అని 2017 తీర్పే చెప్పింది. ఇక్కడ మొదటి మెట్టే లేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆదుకుంటుందా అంటే, తన సంస్థలకి మినహాయింపు ఇచ్చుకునే వీలు అందులో కేంద్రానికే ఉంది. కంపెనీవాడు నా నంబరు అమ్ముకుంటే అడగొచ్చు. సర్కారు నా ముఖం దాచుకుంటే అడగడానికి దారి ఇరుకు.

బడి సంగతి మరీ ఘోరం. హిజాబ్ మీద కర్ణాటక హైకోర్టు 2022 మార్చి 15న ఇచ్చిన తీర్పుని తెలుగు మేధావుల్లో చాలామంది సెక్యులరిజం గురించిన తీర్పుగానే చదివారు. దానిలోని పోలికలు చూడమంటాను. బడిని కోర్టులు, యుద్ధ గదులు, రక్షణ శిబిరాల వరసలో కూర్చోబెట్టారు. ఇలాంటి చోట్ల హక్కులు పలచబడతాయని చెప్పడానికి విచారణ ఖైదీకీ శిక్షపడిన ఖైదీకీ ఉండే హక్కుల తేడాని ఉదాహరణగా తెచ్చారు. చదువుకోడానికి వచ్చిన పదహారు, పదిహేడేళ్ళ అమ్మాయి గురించి మాట్లాడుతూ ఖైదీ గుర్తుకురావడం మామూలు సంగతి కాదు. తీర్పులో తర్కం కంటే ఉపమానమే ఎక్కువ నిజం చెబుతుంది.

అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరోవైపు తేల్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టునే బలపరిచారు. జస్టిస్ సుధాంశు ధూలియా మాత్రం బడి గేటు దగ్గర అమ్మాయిని హిజాబ్ తీసెయ్యమనడం ఆమె ప్రైవసీ మీద, ఆమె గౌరవం మీద దాడి అన్నారు. గేటు దాటినా, తరగతి గదిలో కూర్చున్నా ఆ హక్కు ఆమె వెంటే ఉంటుందన్నారు. హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరా కాదా అన్న చర్చ ఇక్కడ అక్కర్లేదని, అది ఆమె ఎంపిక అని తేల్చారు. నాకు ఈ తీర్పులో అన్నిటికన్నా విలువైంది ఇదే. మావాళ్ళలో చాలామందికి నచ్చనిదీ ఇదే అనుకుంటాను.

ఎందుకంటే మేం ఎక్కువ గొంతు పెట్టి అరిచింది తప్పనిసరి అనే. మతంలో తప్పనిసరి అని కోర్టు ఒప్పుకుని ఉంటే, వేసుకోని అమ్మాయి పరిస్థితి ఏమిటి? ఆ తీర్పు కాగితం పట్టుకుని ఆమె ఇంటికి ఎవరెవరు వచ్చేవాళ్ళో ఊహించుకోవచ్చు. ముస్లిం ఆడవాళ్ళ ఫోటోలు దొంగిలించి వేలం పెట్టిన సుల్లీ డీల్స్ 2021లోనూ, బుల్లీ బాయి 2022 జనవరిలోనూ వచ్చినప్పుడు మా ఇజ్జత్ పోయిందని మగవాళ్ళం కోపం తెచ్చుకున్నాం. పోయింది ఆ ఆడవాళ్ళ నిద్ర. ఆ దౌర్జన్యాన్ని బయటపెట్టి ఫిర్యాదులు చేసిందీ వాళ్ళే. బురఖాలో ఉన్న అమ్మాయి వేరే మతం కుర్రాడితో హోటల్లో కనిపిస్తే సెల్‌ఫోన్లు తీసి చుట్టుముట్టే పోరగాళ్ళు మా బస్తీల్లోనూ ఉన్నారు. చెల్లెలి ఫోను లాక్కుని మెసేజీలు చదివేవాడు పోలీసు కెమెరా గురించి ఉపన్యాసం ఇస్తుంటే ఏమనాలి? దర్వాజాకి వేలాడే పర్దా ఇంటి మగవాడి ఆస్తి అనుకున్నన్నాళ్ళూ దాని లోపల ఉన్న మనిషికి ఏకాంతం దొరకదు.

రాతల్లోనూ ఈ గొడవ ఉంది. 1998లో 'జల్జలా' వచ్చినప్పటినుంచి ముస్లిం కవులు, కథకులు తమ ఇంటి సంగతులు తామే రాస్తున్నారు. అది తన చేత్తో తాను పర్దా పక్కకు తీయడం. కానీ ముస్లిం రచయిత్రి పేరు కనిపించగానే తలాఖ్ గురించి రాశావా, బురఖా గురించి రాశావా అని అడిగే సంపాదకులు, పాఠకులు ఉన్నారు. చెట్టు గురించో బస్సు ప్రయాణం గురించో రాస్తే నిరాశపడతారు. ఇదీ తొంగిచూపే.

హిజాబ్ గొడవ మీద నేను వెళ్ళిన రెండు మూడు సభల్లోనూ వేదిక మీద కూర్చున్నది మౌలానాలు, వకీళ్ళు, నాలాంటి రచయితలు. అందరం మగవాళ్ళమే. వచ్చిన కాలేజీ అమ్మాయిలు వెనక, గుడ్డ అడ్డం కట్టిన వైపు కూర్చున్నారు. మైకు వాళ్ళ వైపు పోలేదు.