అల్లం కొమ్ముల్లాంటి సంసారం

1962లో సియాసత్ పత్రికకు ఓ చిక్కు వచ్చిపడింది. ఆబిడ్స్ నుంచి వెలువడే ఆ ఉర్దూ దినపత్రికలో ‘షీషా-ఓ-తేషా’ అనే నవ్వుల శీర్షిక రాస్తున్న కవి షాహిద్ సిద్దీఖీ కన్నుమూశాడు. కవి పోయాడని శీర్షిక ఆపలేరు కదా. ఆ పని ముజ్తబా హుస్సేన్ అనే పాతికేళ్ల కుర్రాడి నెత్తిన పెట్టారు. చావు కబురు వెనకే నవ్వించే కొలువు! ఆ కొలువే ఆయన్ని 2007లో పద్మశ్రీ దాకా తీసుకెళ్లింది.

ఆ 1962లోనే ‘జిందాదిలాన్-ఎ-హైదరాబాద్’ అనే హాస్యప్రియుల సంఘం మొదలైంది. 1968 నుంచి ముస్తఫా కమాల్ సంపాదకుడిగా ‘షుగూఫా’ అనే హాస్య మాసపత్రిక వచ్చింది. దాని చిరునామా మొజంజాహీ మార్కెట్. అంటే ఆబిడ్స్ చౌరస్తా నుంచి నాంపల్లి స్టేషన్‌కి పోయే మనిషి నాలుగడుగులు పక్కకు వేస్తే చాలు, నగరం నవ్వంతా అచ్చయ్యే చోట్లు తగిలేవి. అచ్చులో ఉన్నది చదువుకున్నవాళ్ల నవ్వు. చదువు రానివాళ్లనూ కూర్చోబెట్టి నవ్వించినవాడు నాటకాల మనిషి బబ్బన్ ఖాన్.

ఆయన ‘అదరక్ కే పంజే’ 1965లో మొదలైంది. 2001 దాకా ఆడింది. పదివేలకు పైగా ప్రదర్శనలతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. రాసిందీ, ఆడించిందీ, ముఖ్య పాత్ర వేసిందీ ఆయనే. పేరుకు అర్థం అల్లం కొమ్ములు. అల్లం దుంపను చేతిలోకి తీసుకుని చూస్తే పేరు ఎందుకు పెట్టాడో తెలుస్తుంది: ఒక కొమ్ముకు ఇంకో కొమ్ము, దానికి మరో రెండు, ఎటు పడితే అటు. కథానాయకుడు రాము ఇల్లూ అంతే. చిన్న గుమస్తా, చాలీచాలని జీతం, గంపెడు పిల్లలు, గుమ్మంలో అప్పులవాళ్లు. కుటుంబ నియంత్రణ గురించి సర్కారు గోడల మీద రాయించి చెబుతున్న రోజుల్లో, ఈయన అదే మాటను కడుపుబ్బ నవ్విస్తూ చెప్పాడు.

ఇందులో ఒడుపు ఏమిటంటే, నవ్వుకు వేరే సరుకు తేడు. జీతం చాలకపోవడమే నవ్వు, పిల్లలు ఎక్కువవడమే నవ్వు. ఏడవాల్సిన కారణాలూ సరిగ్గా అవే. అప్పులవాడికి రాము చెప్పే సాకు ఎంత అడ్డగోలుగా ఉంటే హాలు అంత గొల్లుమంటుంది. సాకు అంత దూరం పోయిందంటే జేబు అంత ఖాళీ అన్నమాట. అతిశయోక్తి ఇక్కడ అలంకారం కాదు, లేమికి కొలబద్ద. అందుకే ‘ఇప్పుడు కాసేపు ఏడవండి’ అని వేరే సీను పెట్టాల్సిన అవసరం పడలేదు.

నాటకం నడిచిన దక్కనీ, అంటే హైదరాబాదీ ఉర్దూ, మాట తీరు కూడా దీనికి కలిసొచ్చింది. ‘ఆతూఁ బోల్‌కే బోలా’ అనేది హైదరాబాదీ వాక్యం. మన ‘వస్తానని చెప్పిండు’కు అచ్చంగా జోడు. ఎంత పెద్ద అబద్ధమైనా ముందు చెప్పేసి, చివర ‘బోల్‌కే’ తగిలించి ఎవరి నెత్తినో వేసి తప్పుకోవచ్చు. నటుడికి ఇంతకంటే ఏం కావాలి? 1965లోనే వచ్చిన ‘గుమ్‌నామ్’ హిందీ సినిమాలో మహమూద్ బట్లర్ వేషంలో ఈ యాసనే పలికి దేశమంతా నవ్వించాడు. కానీ అక్కడ యాస వేషంలో భాగం. బబ్బన్ ఖాన్ దగ్గర అది ఇంట్లో మాట.

నవ్వులోనే ఏడుపు దాచే ఈ పద్ధతి బబ్బన్ ఖాన్‌తోనే పుట్టిందనలేం. గుల్బర్గా వైపు దక్కనీ కవి సులేమాన్ ఖతీబ్ ‘ఛోరా ఛోరీ’ అనే కవితలో కట్నం బేరం పెట్టాడు. పిల్లవాడి తరఫువాళ్ల గొంతెమ్మ కోరికలకు ముషాయిరా అనే కవిసభలో జనం పగలబడి నవ్వుతారు. తర్వాత పిల్ల తరఫువాళ్లు మాట్లాడతారు. నవ్విన నోళ్లే మూతపడతాయి. రెండు గొంతులదీ ఒకే యాస, ఒకే గడప ముచ్చట. మారింది మాట్లాడే మనిషి మాత్రమే.

తెలుగు సినిమా చాలాకాలం వేరే దారి పట్టింది. కథ కథే, మధ్యలో హాస్య జంట వచ్చి పది నిమిషాలు నవ్వించి పోతుంది. కథకూ హాస్యానికీ మధ్య ఉన్న ఆ గోడను బద్దలుకొట్టినవాళ్లలో దర్శకుడు జంధ్యాల ముందుంటాడు. ‘ఏక్ దిన్ కా సుల్తాన్’ వంటి నాటకాలు రాసి వచ్చినవాడాయె, రంగస్థలం గుట్టు ఆయనకు తెలుసు. 1987లో వచ్చిన ‘అహ నా పెళ్లంట’లో కోట శ్రీనివాసరావు కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. పిచ్చి పరాకాష్ఠ! అయితే ఆ పిసినారితనం వల్లే ఇద్దరు ప్రేమికుల పెళ్లి ఆగింది కాబట్టి కోడి కథలోదే, అతుకు కాదు. అంతకుముందు ఏడాది వచ్చిన ‘చంటబ్బాయ్’ ఇంకా చిత్రం. చిరంజీవి డిటెక్టివ్ వేషంలో నానా అల్లరీ చేసి, చాప్లిన్‌లా కూడా గంతులేసి, చివరికి తాను వెతుకుతున్న బిడ్డ తానేనని తెలుసుకుంటాడు.

దక్కనీ సినిమాలు 2006 ప్రాంతంలో ఊపందుకున్నాయి. ‘ది అంగ్రేజ్’ చూసి నగరం విరగబడి నవ్వింది. చార్మినార్ పక్కన కొలువుదీరిన ఇస్మాయిల్ భాయ్ ముఠా, అందులో మస్త్ అలీ వేసిన సలీం ఫేకు కోసే కోతలు ఇప్పటికీ జనం నోళ్లలో ఉన్నాయి. ఆ వెంటే ‘హైదరాబాద్ నవాబ్స్’ వచ్చింది. ఈ సినిమాలు యాసను, కోతలను, కొట్లాటలను బాగానే పట్టుకున్నాయి. ఇంటిని మాత్రం బయటే వదిలేశాయి. సలీం ఫేకు గడప లోపలికి మనం పోయిందే తక్కువ. అంత కోసినవాడు రాత్రి ఇంటికెళ్లి పెళ్లాం పిల్లలకు ఏం చెబుతాడో తెలియదు. బబ్బన్ ఖాన్ ముప్పయ్యారేళ్లు ఆడించిన నాటకం మొత్తం ఆ గడప లోపలిదే.