ఎవరి కథ? ఎవరి డిజైన్?

కెరీర్ కౌన్సిలింగులో పరీక్షల కాలం పోయి కథల కాలం వచ్చిందంటున్నారు. 1909లో వెలువడిన ఫ్రాంక్ పార్సన్స్ పుస్తకం దగ్గర్నుంచీ మనిషి లక్షణాల్ని ఒక పక్క, ఉద్యోగానికి కావలసినవి ఇంకో పక్క పెట్టి జత కుదర్చడమే ఆ శాస్త్రం పని. అమెరికా మనస్తత్వవేత్త మార్క్ సావికాస్ దీన్ని దాటి వచ్చాడు. మనిషి మార్కుల పట్టీ కాదు, తన జీవితానికి తానే కథకుడు అన్నాడు. 2009లో ఆయనా, ఎనిమిది మంది యూరప్ పరిశోధకులూ కలిసి దీన్ని 'లైఫ్ డిజైనింగ్' అన్నారు.

ఇందులో మేము ఒప్పుకునేది ఉంది. ఇంగ్లీషు రానితనాన్ని తెలివిలేనితనంగా లెక్కగట్టే పరీక్షల కింద నలిగినవాళ్ళం మేము. నీ మాట చెప్పు, వింటాను అనే మనిషి ఎదురుగా కూర్చోవడం చిన్న సంగతేం కాదు.

అయితే ఆ మనిషి అడిగేదేమిటి? చిన్నప్పుడు ఎవరిలా ఉండాలనుకున్నావు, ఏ పత్రికలు, టీవీ కార్యక్రమాలు ఇష్టం, నచ్చిన కథేది, నచ్చిన సూక్తి ఏది, తొలి జ్ఞాపకాలేవి. పత్రికల ప్రశ్న సరే, మా ఇళ్ళలో చాలామందికి పత్రికంటే బజ్జీలు కట్టిచ్చిన కాగితమే. నచ్చిన కథ మాత్రం మాకూ ఉంది. బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో జీతగాడు చదువుకుని అధికారి అవుతాడు. ఆ కల ఒక్కడు గదిలో కూర్చుని గీసుకున్న డిజైన్ కాదు, జనం కలిసి చూసిన నాటకం.

అసలు పేచీ తొలి జ్ఞాపకం దగ్గర. చిన్ననాటి గాయాన్నే వృత్తిగా మలుచుకోవచ్చని సావికాస్ అంటాడు. వాడ పిల్లకి తొలి జ్ఞాపకం వేరుగా పెట్టిన గ్లాసు కావచ్చు, బడి ఊడ్పించిన పంతులు కావచ్చు. పక్కింటి పిల్లదీ అదే జ్ఞాపకం, వాళ్ళ నాయినదీ అదే. ఊరు చేసిన పనిని ఒక్క మనిషి మనసులోని ఇతివృత్తం చేసి, దీంతో నువ్వేం చేసుకుంటావమ్మా అని అడిగితే ఊరు తప్పించుకుంటుంది. కులం పనుల్ని మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళనే విడగొట్టి మెట్ల మీద నిలబెట్టిందని అంబేద్కర్ 1936లోనే చెప్పాడు గదా! ఎంచుకునే వీలున్న ఉద్యోగం కొద్దిమందికే దొరుకుతుందని అమెరికాలోనే డేవిడ్ బ్లస్టీన్ 2006లో పుస్తకం రాశాడు. కానీ ఆయన లెక్కలో కూడా పుట్టుకతో వచ్చే పని లేదు.

ఎవరిలా ఉండాలనుకున్నావన్న ప్రశ్నకి జవాబు లేక మా వాళ్ళు ఆగిపోవడం లేదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, కార్ల్ సాగన్ లాంటి సైన్స్ రచయిత కావాలనుకున్నానని చివరి ఉత్తరంలో రాశాడు. ఏ కౌన్సిలరైనా మెచ్చుకునే జవాబది. తనకి రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ సంగతి కూడా ఆ ఉత్తరంలోనే ఉంది. లైఫ్ డిజైన్ పద్ధతి మొదటి వాక్యాన్ని చదవగలదు. రెండోదాన్ని చదవాలంటే కౌన్సిలర్ ఆ గది వదిలి, హాస్టల్ ఆఫీసుకీ ఫెలోషిప్ సెక్షన్‌కీ నడిచి వెళ్ళి, ఫైలు అడగాలి.