వంశపారంపర్యం: ఒక పుస్తకం, ఒక మాట

అమెరికన్ పాత్రికేయుడు రాబర్ట్ కోల్కర్ 2020లో ప్రచురించిన ‘హిడెన్ వ్యాలీ రోడ్’ కొలరాడో రాష్ట్రంలోని గాల్విన్ కుటుంబం కథ. ఆ దంపతులకు 1945కీ 1965కీ మధ్య పన్నెండుగురు పిల్లలు పుట్టారు. పదిమంది కొడుకుల్లో ఆరుగురికి స్కిజోఫ్రీనియా ఉన్నట్లు వైద్యులు నిర్ధారించారు. రచయిత ఇంటి కథను ఒక అధ్యాయంలోనూ, ఆ జబ్బుకు జన్యుపరమైన మూలాలను వెతికిన శాస్త్రజ్ఞుల కథను మరొక అధ్యాయంలోనూ చెపుతూ పోతారు. తెలుగు శాఖ పత్రికలో ఈ పుస్తకానికి చోటెందుకని విద్యార్థులు అడగవచ్చు. ఇందులోని సమస్య సగం శాస్త్రానిది, సగం మాటలది. ఆ రెండో సగం మన పని.

ముందు పుస్తకం గుణం చెప్పాలి. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే వైద్యురాలు ఈ జబ్బుకు తల్లి ప్రవర్తనే కారణమని సూచించే ఒక మాట వాడుకలోకి తెచ్చారు. ఆ తరువాత చాలా ఏళ్లు పిల్లవాడి జబ్బు తల్లి మీద నేరారోపణగా మారింది. 1968లో సీమోర్ కేటీ బృందం డెన్మార్క్‌లోని దత్తత రికార్డులను పరిశీలించింది. దత్తత వెళ్లి జబ్బుపడినవారి విషయంలో, పెంచిన కుటుంబంలో కంటే కన్న కుటుంబంలోనే ఇలాంటి జబ్బులు ఎక్కువగా కనిపించాయి. పెంపకం మీద పడిన నింద అక్కడ బలహీనపడింది. ఆ నిందను మోసిన ఒక తల్లి ఇంట్లో ఎలా బతికిందో కోల్కర్ ఓపికగా, జాలి ఒలకబోయకుండా చూపించారు.

లోపం పుస్తకం నిర్మాణంలో ఉంది. లిన్ డెలిసి అనే పరిశోధకురాలు 1980లలో ఈ కుటుంబం రక్త నమూనాలు సేకరించారు. 2016లో ఆమె బృందం ఈ ఇంటివారిలో షాంక్2 అనే జన్యువులో ఒక మార్పును గుర్తించినట్లు ప్రకటించింది. నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట పనిచేసే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు అది. కథగా చదివేవారికి ఇక్కడ తాళంచెవి దొరికినట్లే ఉంటుంది. కాని అది అరుదైన మార్పు. ఆ జన్యువులోని మార్పులు ఆటిజం ఉన్నవారిలోనూ కనిపించాయి. మరోవైపు 2022లో వెలువడిన పెద్ద అధ్యయనం 76,755 మంది రోగులనూ, 2,43,649 మంది ఇతరులనూ పోల్చి, స్కిజోఫ్రీనియాతో ముడిపడిన 287 స్థానాలను గుర్తించింది. వాటిలో ఒక్కొక్కదాని ప్రభావం చాలా స్వల్పం. ఇటువంటి అధ్యయనాల ప్రస్తావన కోల్కర్ మానలేదు; కాని వందల చిన్న కారణాలకు కథలో పాత్ర ఇవ్వడం కష్టం, ఒక్క ఇంటికి ఇవ్వడం తేలిక. అందుచేత పాఠకుడు పుస్తకం మూసేటప్పుడు అతని మనసులో మిగిలేది ఆ ఇల్లే.

మన భాషలోకి వచ్చేసరికి ఈ పొరపాటు మరింత గట్టిపడుతుంది. మనం వాడే మాట ‘వంశపారంపర్యం’. ఈ మాట ఎక్కడ తిరిగి వచ్చిందో చూడండి: మాన్యాలు, అర్చకత్వం, కరణీకం. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయిన కరణం, మునసబు ఉద్యోగాలు వంశపారంపర్యాలు. తండ్రి తరువాత కొడుకు; వస్తే మొత్తం వస్తుంది, సగం కరణీకం అంటూ ఉండదు. ఆ అర్థాన్నే తెచ్చి జబ్బుకు అంటించాం. శాస్త్రం చెప్పేది అది కాదు. స్కిజోఫ్రీనియాలో జన్యువుల పాలు సుమారు 80 శాతం అన్నప్పుడు, ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో జన్యుభేదాలకు చెందిన భాగం అని అర్థం. కొడుక్కి 80 పాళ్లు వస్తుందని కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే బిడ్డకు వచ్చేది సుమారు నూటికి పదిమందిలో. ఒకే రూపు కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి రాని సందర్భాలే ఎక్కువ.

తమిళంలో ‘పైత్తియం’ అంటే పిచ్చి. మన ‘పైత్యం’ మాటే అది, మూలం పిత్తం. ఆ మాట జబ్బును ఒంట్లోని దోషంగా చూసింది గాని వంశానికి ముడిపెట్టలేదు. ‘వాళ్ల వంశంలో ఉంది’ అన్న మాట పెళ్లిసంబంధాల దగ్గర చేసే పని అందరికీ తెలిసిందే. అక్కచెల్లెళ్ల పెళ్లి ఆగుతుందనే భయంతో అన్న జబ్బును దాచిపెట్టే ఇళ్లున్నాయి. దాచిపెట్టిన రోజులన్నీ వైద్యం అందని రోజులే.

బెంగళూరులోనో, చెన్నైలోనో, బరంపురంలోనో చదివే మీకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఉంది. ఆసుపత్రిలో డాక్టరు కన్నడంలోనో తమిళంలోనో ఇంగ్లీషులోనో అడిగితే, అమ్మమ్మకు తెలుగులో చెప్పేది మీరే. కుటుంబ చరిత్ర అడిగినప్పుడు ‘మన వంశంలో పిచ్చి ఉందా అమ్మమ్మా?’ అంటే ఆవిడ నోరు మూతపడుతుంది. ‘మన దగ్గరి చుట్టాల్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు చేసిందా?’ అంటే జవాబు రావచ్చు. పరిశోధనకూ ఇదే వర్తిస్తుంది. పెద్ద అధ్యయనాల్లో ఎక్కువమంది యూరప్ మూలాలున్నవారే. దక్షిణ భారతీయులపై జరిపి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనం నియాసిన్ వినియోగానికి సంబంధించిన ఒక జన్యువు వైపు చూపింది. అటువంటి పని సాగాలంటే మనవాళ్లు రక్తం ఇవ్వాలి. సమ్మతి పత్రంలోని తెలుగు వారిని బెదరగొట్టకూడదు. జపాన్‌వారు 2002లో ఈ జబ్బు పేరునే మార్చుకున్నారు. పాత పేరుకు ‘మనసు చీలిన జబ్బు’ అని అర్థం. ఆ పేరును రోగికి చెప్పడానికి వైద్యులే జంకేవారు.

మనకు కొత్త పేరు పుట్టేవరకు ఆగనక్కరలేదు. ‘ముప్పు’ భయపెడుతుంది, ‘అవకాశం’ మంచి సంగతిలా వినిపిస్తుంది. ఈ రెంటికంటే మన క్రియారూపమే మేలు: ‘వస్తుంది’ అనకుండా ‘రావచ్చు’ అనడం. ‘రావచ్చు’లోనే ‘రాకపోవచ్చు’ కూడా ఉంది. కోల్కర్ పుస్తకాన్ని విద్యార్థులు తప్పక చదవాలని మేము కోరుతున్నాం. చదివి ఇంట్లో చెప్పేటప్పుడు ఆ ‘వచ్చు’ను వదలిపెట్టవద్దని కూడా కోరుతున్నాం.