అడుగు వెనక్కి వేసే విద్య

2019 మార్చి 31. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో టాటెన్‌హామ్‌తో మ్యాచ్. స్కోరు 1-1. ఆట ముగియడానికి ఇంకో ఐదారు నిమిషాలుంది. గెలుపు గోల్ కోసం లివర్‌పూల్ జట్టంతా ముందుకు పోయి ఉండగా బంతి చేజారింది. టాటెన్‌హామ్ ఆటగాళ్లు ఇద్దరు, మూసా సిసోకో, సోన్ హ్యుంగ్ మిన్, ఖాళీ మైదానంలో దూసుకొస్తున్నారు. వాళ్లకూ గోల్‌కీపర్‌కూ మధ్య ఉన్నది ఒక్కడే: నెదర్లాండ్స్ నుంచి వచ్చిన డిఫెండర్ వర్జిల్ వాన్ డైక్.

ఆ కొద్ది సెకన్లను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బంతి సిసోకో దగ్గరుంది. వాన్ డైక్ దాని మీదికి పోడు. అడుగులో అడుగు వెనక్కి వేస్తూ, కాస్త సోన్ వైపుకే ఉండి, బంతి అతనికి అందే దారి మూసేస్తాడు. సోన్ రెండు కాళ్లతోనూ గురి తప్పకుండా కొట్టగలడు. సిసోకో మిడ్‌ఫీల్డర్, కుడికాలి వాటం, గోల్స్ చేయడం అతని అలవాటు కాదు. ఎవరి చేత కొట్టించాలో వాన్ డైక్ అప్పటికే నిర్ణయించుకున్నాడు. సిసోకో గోల్ దగ్గరికి వచ్చేదాకా ఆగి, చివరి క్షణంలో అతని మీదికి కదిలాడు. సిసోకోకు మిగిలింది ఎడమకాలు. బంతి గోల్‌పోస్టు మీదుగా ఎక్కడికో పోయింది. ఆ తర్వాత 90వ నిమిషంలో టాటెన్‌హామ్ ఆటగాడికే తగిలి బంతి వాళ్ల గోల్‌లో పడింది. లివర్‌పూల్ 2-1తో గెలిచింది.

కబడ్డీ ఎరిగినవాళ్లకు ఇందులోని కిటుకు తేలిగ్గా అందుతుంది. కూతకు వచ్చినవాడు కాలు చాచి కవ్విస్తాడు. కుర్రతనంతో మీదికి దూకినవాడు అవుటై బయటికి నడుస్తాడు. ఆరితేరినవాడు వెనక్కి తగ్గుతూ, కూతగాణ్ణి లోపలికి రానిచ్చి, మూలకు చేర్చి, అప్పుడు చీలమండ పట్టుకుంటాడు. వాన్ డైక్ చేసేదీ అదే. పూర్తిగా ఎదురుగా నిలబడడు. ఒక భుజం ముందుకు, ఒక భుజం వెనక్కి పెట్టి ఒంటిని పక్కకు తిప్పుకుని ఉంటాడు. అలా నిలబడితే ఎటైనా ఒక్క అడుగులో తిరగొచ్చు. పైగా ఎదుటివాడికి ఒక వైపు దారి ఉన్నట్టు కనిపిస్తుంది, ఆ వైపు అతని బలహీనమైన కాలు ఉంటుంది. జారుతూ ట్యాకిల్ చేయడమంటే నేల మీద పడడం. నేల మీద పడ్డవాడు తిరిగి లేచేలోపు ఆట దాటిపోతుంది. అందుకే నిలబడి ఉండడమే అతని మొదటి నియమం. 2018-19 ప్రీమియర్ లీగ్ సీజన్‌లో ఆడిన 38 మ్యాచ్‌లలో ఒక్కరు కూడా బంతితో అతణ్ణి తప్పించుకుని దాటలేకపోయారు. లివర్‌పూల్ ఆ సీజన్ మొత్తంలో ఇచ్చిన గోల్స్ 22.

ఈ నిబ్బరం అతనొక్కడి సొత్తు కాదు. దీని వెనక యాభై ఏళ్లకు పైబడిన డచ్ సంప్రదాయం ఉంది. 1960ల చివర్లో ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్ అయాక్స్‌లో కోచ్ రైనస్ మికెల్స్ డిఫెండర్ అనే మాటకే అర్థం మార్చాడు. అప్పటిదాకా డిఫెండరంటే గోల్ ముందు కాపు కాసి, వచ్చిన బంతిని దూరంగా తన్నేవాడు. మికెల్స్ తన డిఫెండర్లను మైదానం మధ్యదాకా జరిపాడు. జట్టంతా ముందుకు జరిగితే ఎదుటివాళ్లకు మిగిలే చోటు కుదించుకుపోతుంది, వెనక ఉండిపోయిన వాళ్ల ఫార్వర్డ్‌లు ఆఫ్‌సైడ్‌లో పడతారు. 1974 ప్రపంచ కప్‌లో నెదర్లాండ్స్ జట్టును నడిపిస్తూ అతను మరో సాహసం చేశాడు. మిడ్‌ఫీల్డర్ అరీ హాన్‌ను అందరికంటే వెనక డిఫెండర్‌గా ఆడించాడు. బంతిని అడ్డుకోవడం ఎవరికైనా నేర్పొచ్చు, బంతి దొరికాక ఏం చేయాలో తెలిసినవాడే అక్కడ ఉండాలన్నది అందులోని ఆలోచన. ఆ జట్టులో రూడ్ క్రోల్ లెఫ్ట్ బ్యాక్. అర్జెంటీనాను 4-0తో ఓడించిన మ్యాచ్‌లో అతను కూడా ఒక గోల్ చేశాడు. ఫైనల్లో మాత్రం పశ్చిమ జర్మనీ చేతిలో 2-1తో ఓడిపోయారు. కప్పు రాకపోయినా పాఠం నిలిచింది.

తర్వాత తరంలో రొనాల్డ్ కూమన్. డిఫెండరై ఉండి ఇన్నూరుకు పైగా గోల్స్ చేసినవాడు. 1992లో వెంబ్లీ స్టేడియంలో, అదనపు సమయంలో అతని ఫ్రీకిక్ దూసుకెళ్లి బార్సిలోనాకు మొట్టమొదటి యూరోపియన్ కప్ తెచ్చిపెట్టింది. 1998 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనా మీద చివరి నిమిషంలో డెన్నిస్ బెర్గ్‌క్యాంప్ చేసిన గోల్‌ను అందరూ గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం దానికి ముందు క్షణం ఇష్టం. డిఫెండర్ ఫ్రాంక్ డి బోర్ సొంత సగంలోంచి తలెత్తి చూసి, ఎడమకాలితో ఎత్తిన పొడవాటి బంతి ఆకాశంలో ఎంతసేపు ఉందో అంతసేపూ గెలుపు అందులోనే ఉంది.

వీళ్లంతా ఏదో ఒకనాడు ఇల్లు విడిచి వెళ్లినవాళ్లే. క్రోల్ ఇటలీలో నాపోలికి, కూమన్, డి బోర్ బార్సిలోనాకు, మరో డచ్ డిఫెండర్ యాప్ స్టామ్ మాంచెస్టర్ యునైటెడ్‌కు. విస్తీర్ణంలో నెదర్లాండ్స్ మన తెలంగాణలో సగం కూడా ఉండదు. జనాభా కోటీ ఎనభై లక్షలకు కాస్త అటూ ఇటూ. అక్కడి క్లబ్బులకు కుర్రాళ్లను తయారు చేసే నేర్పు ఉంది, నిలుపుకునే డబ్బు లేదు. పంట పండేది అక్కడ, సంత జరిగేది ఇంగ్లండ్‌లోనో స్పెయిన్‌లోనో.

వాన్ డైక్ కథలో ఆ పంటను మొదట ఎవరూ గుర్తించనే లేదు. 1991 జులై 8న బ్రెడా పట్టణంలో పుట్టాడు. తండ్రి డచ్చివాడు, తల్లిది సూరినామ్ మూలం. విల్లెమ్ టూ క్లబ్ యువజట్టులో ఆడుతూ, బ్రెడాలో ఒక రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగేవాడు. ఆ క్లబ్ అతని మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు. గ్రోనింగెన్ క్లబ్ తరఫున కుర్రాళ్లను వెతికే మార్టిన్ కూమన్ కంటపడి, 2010లో రుసుమేమీ లేకుండా అక్కడికి మారాడు. మార్టిన్ అంటే రొనాల్డ్ కూమన్ తండ్రి. 2012లో అపెండిక్స్ ముదిరి, కడుపులోకీ మూత్రపిండాలకూ ఇన్ఫెక్షన్ పాకి ప్రాణం మీదికొచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రాడు ఆస్పత్రి మంచం మీద వీలునామాలాంటి కాగితాల మీద సంతకం పెట్టాడు.

కోలుకున్నా డచ్ పెద్ద క్లబ్బులేవీ అతణ్ణి తీసుకోలేదు. 2013లో స్కాట్లండ్‌లోని సెల్టిక్ తీసుకుంది, రెండేళ్లలో రెండు లీగ్ టైటిళ్లు గెలిచాడు. 2015లో ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్‌కు పిలిచింది, అప్పుడక్కడ మేనేజర్‌గా ఉన్న రొనాల్డ్ కూమన్. తండ్రి కనిపెట్టిన కుర్రాణ్ణి కొడుకు కొనుక్కున్నాడు. 2018లో డచ్ జట్టు కోచ్‌గా వచ్చి కెప్టెన్‌ని చేసిందీ ఆ కొడుకే. విద్య ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లడమంటే ఇదే కదా అనిపిస్తుంది.

2018 జనవరిలో వాన్ డైక్ కోసం లివర్‌పూల్ 7.5 కోట్ల పౌండ్లు పెట్టింది. ఒక డిఫెండర్‌కు అంతకుముందు ప్రపంచంలో ఎవరూ అంత ఇవ్వలేదు. అంత సొమ్ము ఎందుకని అడిగినవాళ్లు చాలామంది. మొదటి మ్యాచ్‌లోనే, ఎవర్టన్ మీద, 84వ నిమిషంలో తలతో కొట్టి గెలిపించాడు. అయితే ఆ డబ్బుకు అసలు జవాబు అతని పాసులో ఉంది. బంతి అందగానే కళ్లు దూరంగా, అవతలి అంచుకు వెళతాయి. మైదానానికి అడ్డంగా, ఏటవాలుగా యాభై గజాల పైచిలుకు దూరం పంపిన బంతి పరిగెత్తుతున్న సహచరుడు మొహమ్మద్ సలా పాదాల దగ్గర వాలుతుంది. ఎదుటి జట్టు మిడ్‌ఫీల్డ్ అంతా ఒక్క దెబ్బతో దాటిపోయినట్టే. డి బోర్ ఎడమకాలితో చేసినదాన్ని ఇతను కుడికాలితో, ప్రతి వారం చేశాడు. 2019లో ఛాంపియన్స్ లీగ్ గెలిచాక యూరప్ ఉత్తమ ఆటగాడి అవార్డు అందుకున్న మొదటి డిఫెండరయ్యాడు. ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డులో మెస్సీకి కేవలం ఏడు పాయింట్లు వెనక నిలిచాడు. ఆ తర్వాతి సీజన్‌లో లివర్‌పూల్‌కు ముప్పై ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ వచ్చింది.

డిఫెండర్లను ముందుకు జరిపి ఆడే ఈ పద్ధతికి మూల్యం ఉంది, దాన్ని దాచకూడదు. వాళ్ల వరస ముందుకు జరిపినకొద్దీ వెనక ఖాళీ పెరుగుతుంది. ముందున్నవాళ్లు బంతి మీద ఒత్తిడి తేకపోతే ఆ ఖాళీలోకి ఎవరైనా చొరబడతారు. 2020 అక్టోబర్ 4న ఆస్టన్ విల్లా సరిగ్గా అలాగే లివర్‌పూల్‌ను 7-2తో చిత్తుచేసింది. వాన్ డైక్ ఆ మ్యాచ్ మొత్తం ఆడాడు. రెండు వారాలు తిరగకముందే ఎవర్టన్ గోల్‌కీపర్ ఢీకొన్న దెబ్బకు అతని మోకాలి లిగమెంట్ తెగింది. ఆ సీజన్‌లో అతను మళ్లీ మైదానంలో అడుగుపెట్టలేదు. ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ వరసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు ఓడింది. అతను చేసే పని ఎంతో, అతను లేనప్పుడు అందరికీ తెలిసింది.

తిరిగొచ్చాక వేగం కొంత తగ్గిందన్నారు. నిజమే కావచ్చు. కానీ ముందే చూడగలిగినవాడు తక్కువ పరిగెత్తితే సరిపోతుంది. 2023లో లివర్‌పూల్ కెప్టెనయ్యాడు. మరుసటి ఫిబ్రవరిలో లీగ్ కప్ ఫైనల్, చెల్సీ మీద 118వ నిమిషం, మళ్లీ అతని తలే గెలిపించింది. 2025 ఏప్రిల్ 27న ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ మరో లీగ్ టైటిల్ ఖాయం చేసుకుంది. అప్పటికి జట్టు కోచ్ ఆర్నే స్లాట్ కూడా డచ్చివాడే. ఆ రోజు ఎదుట నిలిచిన జట్టు టాటెన్‌హామ్. స్కోరు 5-1. ముప్పై మూడేళ్ల కెప్టెన్ అప్పుడు కూడా అదే తీరులో, ఒక భుజం వెనక్కి పెట్టుకుని, ఎదుటివాడి కాళ్లకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు.