ఒక ఫ్లాటా? నాలుగు పోర్షన్లా?

అద్దె కోసం హైదరాబాదులో ఇల్లు కొనాలనుకునే మధ్యతరగతి కుటుంబానికి సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. నిజాంపేట వైపు అపార్టుమెంటులో మూడు బెడ్‌రూముల ఫ్లాటు ఒకటి. బోడుప్పల్ వైపు నూట ఇరవై గజాల్లో నాలుగు పోర్షన్ల పాత ఇల్లు రెండోది. ప్రకటనలూ బంధువుల సలహాలూ ఫ్లాటు వైపే లాగుతాయి. నెలనెలా వచ్చే అద్దే ముఖ్యమైనవాళ్లకు, అదీ ఊళ్లోనే ఉండేవాళ్లకు, పోర్షన్ల ఇల్లే మేలని నా నమ్మకం.

కోటి పెట్టి కొన్న ఫ్లాటుకు నెలకు 30,000 అద్దె అనుకుందాం. ఏడాదికి 3.6 లక్షలు, అంటే పెట్టుబడి మీద 3.6 శాతం. ఇంటి పన్ను, మరమ్మతులు అందులోంచే పోవాలి. పూర్తి ధరకు రిజిస్టరు చేయిస్తే తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ఫీజులు కలిపి 7.5 శాతం దాకా అవుతాయి. మొదటి రెండేళ్ల అద్దె ఆ ఖర్చుకే చాలదు. ఇక 80 లక్షలు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువుతో తీసుకుంటే ఈఎంఐ 69,000 దాటుతుంది. అద్దె అందులో సగం కూడా లేదు, మిగతాది జీతంలోంచి కట్టాలి. ఇలా కొన్నవాళ్లు రేపు ధర పెరుగుతుందన్న ఆశకే డబ్బు పెడుతున్నారు. ఆశపడటం తప్పు కాదు. దాన్ని అద్దె ఆదాయమని చెప్పి అమ్మడం తప్పు.

అదే కోటికి దొరికిన పాత ఇంట్లో పోర్షనుకు 9,000 చొప్పున 36,000 వస్తుందనుకుందాం. పైకి పెద్ద తేడా లేదు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన నెలలో తెలుస్తుంది తేడా. ఫ్లాటు ఖాళీ అయితే రాబడి సున్నా, పైగా మెయింటెనెన్సు ఓనరు నెత్తిన పడుతుంది. నాలుగింటిలో ఒక పోర్షను ఖాళీ అయినా 27,000 వస్తూనే ఉంటుంది. ముప్పై ఏళ్లకు రెండు కట్టడాలూ పాతబడతాయి. అప్పుడు పోర్షన్ల ఓనరుకు నూట ఇరవై గజాల నేల మొత్తం తనదే. ఫ్లాటు ఓనరుకు మిగిలేది అందరితో కలిసిన అవిభాజ్య వాటా.

అయితే పోర్షన్ల ఇల్లు మనిషిని అడుగుతుంది. వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు పిలవాలి, మోటారు కాలితే మెకానిక్కును వెతకాలి, కరెంటు బిల్లు తగువులు తీర్చాలి. పై అంతస్తుకు అనుమతి లేకుండా కట్టి ఉంటే బ్యాంకు అప్పివ్వడానికి వెనకాడుతుంది. కాబట్టి బయానా ఇచ్చేముందే లింకు డాక్యుమెంట్లు, ఈసీ, మంజూరైన ప్లాను లాయరుకు చూపించాలి. డాలస్‌లో ఉండేవాళ్లు ఈ పనులు చేయలేరు. వాళ్లకు అసోసియేషనూ వాచ్‌మనూ ఉన్న ఫ్లాటే నయం. కానీ ఓనరు ఎన్నారై అయితే అద్దెలోంచి 30 శాతం, దానిపై సెస్సు టీడీఎస్‌గా కోసి కట్టే బాధ్యత అద్దెకున్నవారిది. ఆ సంగతి అగ్రిమెంటు నాడే వాళ్లకు చెప్పాలి, లేకపోతే నోటీసు ఏ పాపం ఎరుగని ఆ కుటుంబానికి వస్తుంది.

ఒక్క విషయంలో రెండు చోట్లా నాకు బాధే. బ్యాచిలర్లకు ఇవ్వం, మాంసం వండేవాళ్లకు ఇవ్వం, మీరేవిట్లు అన్న ప్రశ్నలు ఇక్కడ ఓనరు నోట వస్తే అక్కడ అసోసియేషన్ నోట వస్తాయి. ఇది అన్యాయం, పైగా గది ఖాళీగా పడి ఉన్నన్నాళ్లూ నష్టం కూడా. ఇక అగ్రిమెంటు గడువు సంగతి. రిజిస్ట్రేషన్ జోలికి పోనక్కర్లేదన్న ఉద్దేశంతో చాలామంది పదకొండు నెలలకే రాసుకుంటారు. వేళకు అద్దె కట్టే కుటుంబం దొరికితే మూడేళ్లకు రాసి రిజిస్టరు చేయించడం ఓనరుకూ లాభమే. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకునే అలవాటు మాత్రం మానాలి. దిగిన రోజే గోడలు, కుళాయిలు, తలుపులు ఎలా ఉన్నాయో ఫొటోలు తీసి ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే, ఎంత పట్టుకోవాలో ఆ కాగితమే చెబుతుంది.